అమావాస్య నాటి చుక్క

నాకు నోరెక్కువ. ఆ రోజు నా నోరే మా కొంప ముంచింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా పాప తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది. మావారు నందిగామ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పాప పోయాక, క్లాసులు అవగానే నెట్ సెంటర్లో కూర్చోవడం మొదలెట్టారు. ఎక్కడో ఒక టెలిస్కోపుతో ఆకాశంలో ఒకే చోటిని వెంటవెంటనే తీసిన ఫొటోలు నెట్‌లో పెట్టేవాళ్ళట. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. చుక్క జరిగిందంటే అది గ్రహశకలం. అందరికంటే ముందు రాసి పంపినవాళ్ళకి, దాని కక్ష్య ఖాయమయ్యాక, పేరు పెట్టే హక్కు వస్తుంది. ఆయనకి కావలసింది అదే. పాప పేరు పెట్టాలి.

ఒక మధ్యాహ్నం జగ్గయ్యపేటలో మా ఇంటికి ఫోన్ చేశారు.

"ఏమే, దొరికిందే! మూడు ఫొటోల్లోనూ జరిగింది. ఇప్పుడే పంపేస్తున్నా."

నా చూపు క్యాలెండర్ మీద పడింది. "ఆగండాగండి! ఇవాళ అమావాస్య. పిల్ల పేరు పెట్టే పని ఇవాళ మొదలెడతారా? రేపు పాడ్యమి, తలంటుకుని పంపుదురుగాని."

"పిచ్చిదానా, అమావాస్య చీకట్లోనే ఇవి బాగా కనపడేది."

"అది పోయింది కూడా అమావాస్య నాడేనండీ."

"సరేలే" అన్నారు. సాయంత్రం బస్సుకి వచ్చేశారు.

మర్నాడు దేవుడికి దీపం పెట్టి మరీ ఆయన్ని పంపించాను. తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూలబడ్డారు. ముందు రోజే ఇంకెవరో పంపేశారట.

"పోనీలెండి, రాయేగా" అన్నాను. ఛీ, ఏం నోరది!

కొన్నాళ్ళకి దాని కక్ష్య లెక్క వచ్చింది. ఆయన ఓ కాగితం తీసి బొమ్మ గీసి చూపించారు. అంగారకుడికీ గురుడికీ మధ్య, కోడిగుడ్డులా కాస్త సాగిన దారి. భూమి తిరిగే దారికి కొంచెం వాలి ఉంది. ఒక చుట్టు తిరగడానికి నాలుగేళ్ళ పైచిలుకు పడుతుందట.

"మన దగ్గరికి ఎప్పుడొస్తుందండీ?"

"రాదే. దాని దారి దానిది."

ఆయన లేచి వెళ్ళాక కాగితం తిప్పి చూశాను. పేరు పదహారు అక్షరాలు మించకూడదని రూలట. వెనక పెన్సిల్‌తో పదహారు గళ్ళు గీసుకున్నారు. ఇంగ్లీషులో పాప పేరు ఏడు గళ్ళకే అయిపోయింది. కింద, నేను పంపొద్దన్న ఆ అమావాస్య తేదీ.

ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.