నేను పాసైనందుకు మోసిన బండ

మా అపార్ట్‌మెంటులో ఈమధ్య కింది వరండాకు కొత్త టైల్స్ వేయించారు. అద్దంలా ఉన్నాయి. నా బాధ కూడా అదే. పొద్దున పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే నేలలోంచి నా మొహం నన్నే చూస్తుంది. ఆ వేళప్పుడు, ఆ వైపు నుంచి, ఎవరి మొహమూ చూడదగ్గది కాదు. పైగా నాలుగు చుక్కలు పడితే జారుడు. సెక్రటరీ దగ్గర ఈ మాటెత్తితే "ఫినిషింగ్ అట్లుంటది సార్" అన్నాడు, జారిపడటం కూడా ఫినిషింగులో భాగమే అన్నట్టు. నేను పాల ప్యాకెట్టు పట్టుకుని పైకి వచ్చేశాను. (కాలి కింది బండ గురించి మనుషులు మాట్లాడుకోవడం మొదలుపెడితే అది ఎందాకా పోతుందో మా ఇంట్లో చూసినవాణ్ణి.)

నా చిన్నప్పుడు మాకు టైల్స్ అంటే పరాయివాళ్ల సంగతి. తాండూరులో పుట్టినవాడు తాండూరు బండ మీదే పాకుతాడు, దాని మీదే పడతాడు, పళ్లూడగొట్టుకుంటాడు. మా తాత గనిలో బండలు తీసేవాడు, నాయనమ్మ ఆయనతో పాటు మోసేది. వాళ్ల ఇద్దరు కొడుకులు, అంటే మా పెద్దనాయనా మా నాయనా, కలిసి బండల పాలిష్ యూనిట్ పెట్టారు. సాయంత్రం ఇంటికొచ్చే సరికి అన్నదమ్ములిద్దరూ తల నుంచి కాలి దాకా తెల్లగా, ఎవరో పిండిలో పొర్లించి వేయించడం మరిచిపోయినట్టు ఉండేవాళ్లు. అంతా బాగానే ఉండేది, కొత్త పాలిష్ మిషన్ వచ్చేదాకా. దాన్ని తూర్పు మొహంగా పెట్టాలని పెద్దనాయన, నీళ్ల తొట్టి వైపు పెట్టాలని మా నాయన. దేశంలో ఇంతకన్నా చిన్న విషయాలకే ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి కాబట్టి మేమూ విడిపోయాం. షెడ్డు మధ్యలో గోడ లేచింది. అది కూడా మామూలు గోడ కాదు. ఎవరి వైపు వాళ్లు ఉన్నంతలో మంచి బండలు ఏరి, పాలిష్ పెట్టి మరీ అతికించారు. కొనడానికి వచ్చినవాళ్లు ముందు ఆ గోడనే చూసి, "గిసుంటి మాల్ ఉన్నదా?" అని అడిగేవాళ్లు.

మాటలు బందైన అన్నదమ్ములకు మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ ఉద్యోగం నాకు దొరికింది. ఎదురెదురుగా నిలబడి ఒకరు "మీ పెద్దనాయనకు చెప్పు" అంటే, ఇంకొకరు "మీ నాయనను అడుగు" అనేవాళ్లు. విన్నది విన్నట్టు చెప్తే ఇల్లు నిలవదని నాకు తొందర్లోనే అర్థమైంది కనుక, మధ్యలో కొంచెం చక్కెర కలిపేవాణ్ణి. వాళ్లు ఇంటర్‌లో నన్ను ఏ గ్రూపులో చేర్చాలన్నది కూడా నా ద్వారానే, నాకు తెలియకుండా మాట్లాడుకోవడానికి ప్రయత్నించారు. (మా అమ్మా పెద్దమ్మా మాత్రం రోజూ ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లని తర్వాత తెలిసింది. వాళ్ల మాటలు బందు చేయాలన్న ఆలోచన మగవాళ్లకు రాలేదు. వచ్చినా ఎవరితో చెప్పి పంపుతారు?)

ఇదంతా నాయనమ్మకు కనబడేది కాదు. నిజంగానే కనబడేది కాదు. కండ్లకు పొరలు కమ్మి, మనుషులను గొంతును బట్టి గుర్తుపట్టేది. ఆ పొరల పుణ్యమా అని నా గురించి ఆమెకు చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. "నా మనుమడు రాజు లెక్క ఉంటడు" అని వచ్చినవాళ్లకు చెప్పేది. వచ్చినవాళ్లు నా వైపు ఒకసారి చూసి, పెద్దామె మాట ఎందుకు కాదనాలని చాయ్ తాగి వెళ్లిపోయేవాళ్లు. పొరలు ఇంకా ముదిరితే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆమె వినదే. తన మొక్కు తీరేదాకా కంటి మీద కత్తి పెట్టనియ్యనంది. మొక్కేమిటంటే, నేను డిగ్రీ పాసైతే, ఇద్దరు కొడుకులూ కలిసి ఒక బండను వికారాబాద్ దగ్గరి అనంతగిరి స్వామి గుట్ట కింది నుంచి పైదాకా కాలినడకన మోసుకెళ్లి, ఎక్కివచ్చినవాళ్లు కూర్చునేటట్టు వేయాలి.

అన్నదమ్ములిద్దరూ వెంటనే సరేనన్నారు. కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. నేను స్టాటిస్టిక్స్ పేపరుతో అప్పటికే బాగా పాతబడ్డ స్నేహంలో ఉన్నాను. మేమిద్దరం ఒకరినొకరు వదలమని తాండూరు అంతా నమ్మింది. నా మీద అపనమ్మకం ఒక్కటే ఆ రోజుల్లో వాళ్లకు మిగిలిన ఉమ్మడి ఆస్తి. అటువంటి వేళ నేను పాసయ్యాను. నాయన రిజల్టు నాలుగుసార్లు చూశాడు. గోడ అవతల పెద్దనాయన "నిజమేనా అడుగు" అన్నాడు. నాయనమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. "నేను చెప్పలే?" అని, బండ ఎప్పుడు కోస్తున్నారని అడిగింది.

బండ విషయంలో బుద్ధిగలవాళ్లైతే చిన్నది చూసుకునేవాళ్లు. కానీ మాది బండల ఇల్లు. చిన్న బండ పెడితే ఊరు ఏమనుకుంటుంది? నాయన ఒక సైజు చెప్పి పంపాడు, పెద్దనాయన అంతకంటే ఒక జానెడు పెంచి పంపాడు, నాయన మందం పెంచాడు. నేను అటూ ఇటూ తిరిగే సరికి అది బండలా కాక చిన్న కల్వర్టులా తయారైంది. శ్రావణంలో ఒక శనివారం దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని గుట్ట కిందికి చేరాం. నాయనమ్మ ఇంకో ఆటోలో రోడ్డు మీదుగా పైకి పోతానంది. కాలినడక మొక్కు కదా అంటే, "మొక్కింది నేను, నడిచేది మీరు. గది నాకూ స్వామికీ మాట అయ్యింది" అంది.

బండ మోయడంలో ఒక పద్ధతి ఉంది. దాన్ని పడుకోబెట్టి మోస్తే నడుమ విరుగుతుంది. నిలబెట్టి, గోనెసంచులు చుట్టి, తాళ్లతో వెదురుబొంగుకు కట్టి, ఇద్దరు ముందూ వెనకా భుజాన పెట్టుకోవాలి. ఎక్కేటప్పుడు బరువంతా వెనకవాడి మీదికి జారుతుంది. పైగా వాడి కళ్ల ముందు బండ తప్ప ఏమీ ఉండదు. తన కాళ్లు తనకే కనబడవు. ముందువాడు నోటితో దారి చెప్పాలి, వెనకవాడు ఆ నోటిని నమ్మి కాలు వేయాలి. పెద్దనాయన ఎవరినీ అడగకుండా వెనకకు పోయి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఇద్దరూ గనిలో మోసిన నాటి నుంచీ బరువు వైపు పెద్దోడే. ముందు మా నాయన. పక్కన, వాళ్లిద్దరికీ నడుమ, డిగ్రీ పాసైన నేను.

"మీ పెద్దనాయనకు చెప్పు, ముంగట వేరున్నదని" అన్నాడు నాయన. నేను ఆ మాట అటు చేర్చేలోగా ఆ వేరు పెద్దనాయన బొటనవేలికి తనను తాను పరిచయం చేసుకుంది. "మీ నాయనకు చెప్పు, తాకినంక చెప్తే ఫాయిదా ఏమున్నదని" అన్నాడాయన. పెద్దనాయన చాలా సంతోషించాడని నేను చేరవేశాను. అట్లా గుంతలూ, ముళ్లూ, రాళ్లూ అన్నీ నా ద్వారా, ఒక అడుగు ఆలస్యంగా, మా పెద్దనాయనకు అందుతూ వచ్చాయి. వెనక జొన్నరొట్టెల మూటతో అమ్మా పెద్దమ్మా ఏదో పెళ్లిచీర గురించి తీరిగ్గా మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. సగం దూరంలో నాయన, దించేద్దామా అని అడిగి రమ్మన్నాడు. "దించితే అమ్మ కండ్లు కూడా గిక్కడ్నే దించినట్టు" అని జవాబొచ్చింది. అందులో మాత్రం నేను చక్కెర కలపలేదు.

కొంచెం పైన, వాన నీళ్లు పారుతున్న నున్నటి రాతివాలు వచ్చింది. ఎక్కడ పట్టు దొరుకుతుందో చూసి చెప్దామని నేను పక్కనుంచి ముందుకు పోయాను. పట్టు ఎక్కడ దొరకదో కచ్చితంగా తేల్చి, కూర్చున్న పళంగా కిందికి జారి, దారి పక్క ముళ్లపొదలో స్థిరపడ్డాను. అమ్మ "అయ్యో బిడ్డా" అంది గానీ దగ్గరికి రాలేదు, ఎందుకంటే అందరి చూపూ బండ మీదే ఉంది. పెద్దనాయన ఒక కాలు నీళ్లలో, ఒక కాలు రాతి మీద, మెడ నరాలు తేలి, ముందు ఏమీ కనబడక నిలబడిపోయాడు. నాయన వెనక్కి తిరగలేడు. మధ్యలో మాట చేర్చే మనిషి ముళ్లల్లో ఉన్నాడు. నీళ్ల చప్పుడు ఒక్కటే. బొంగు కిర్రుమంది.

అప్పుడు పెద్దనాయన, ఎవరితోనూ కాదన్నట్టు, బండతో అన్నట్టు అన్నాడు. "నేనైతే కాలు లేపుతున్న."

లేపాడు కూడా. ఎక్కడ పెట్టాలో అడగలేదు. కాలు గాల్లోనే ఉంది.

"అన్నా, ఎడమకు" అన్నాడు మా నాయన. "ఇంకింత ఎడమకు. ఆఁ, పెట్టు."

"పెట్టిన."

"లేపు."

"లేపిన తమ్మీ."

అంతే. ఆ తర్వాత వాళ్లిద్దరూ గనిలో పనిచేసిన పోరగాళ్లలా, పెట్టు పెట్టిన, లేపు లేపిన అనుకుంటూ ఆ వాలు ఎక్కేశారు. నన్ను ముళ్లల్లోంచి తీయాలని ఎవరికీ గుర్తు రాలేదు. చేతికి డిగ్రీ వచ్చీ రాగానే ఉన్న ఉద్యోగం ఊడిన మనిషిని బహుశా నేనొక్కణ్ణే. ముళ్లు ఏరుకుంటూ కూర్చుని ఎందుకో నవ్వాను. కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి, ముళ్ల వల్ల అని అమ్మకు చెప్పాను.

అన్నదమ్ములు కలిశాక చల్లగా ఉన్నారనుకుంటే పొరపాటు. వాలు దాటగానే, మిషన్ తూర్పుకు పెట్టి ఉంటే ఇన్ని తిప్పలుండేవి కావని పెద్దనాయన మొదలుపెట్టాడు. నీళ్లు నీ తాత మోస్తుండెనా అని నాయన అందుకున్నాడు. (ఇద్దరి తాతా ఒక్కడే.) ఇన్నేళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు, బరువు కింద ఆయాసపడుతూ, ఆనందంగా తిట్టుకున్నారు. పెద్దమ్మ అమ్మ చెవిలో, "బంద్ ఉన్నప్పుడే నయముండె కదనే" అంది. పైన నేరేడు చెట్టు కింద కూర్చున్న నాయనమ్మకు మేము ఇంకా మసక మసకగా కూడా కనబడకముందే ఆ కేకలు వినబడ్డాయట. పక్కనున్న ఆటో అతనితో అందట, "ఇద్దరు కొట్లాడుకుంటున్నరా? అయితే బండ వచ్చినట్టే."

ఆ చెట్టు కిందే రెండు రాళ్లు చూసి బండను వాటి మీద పరిచారు. నాయనమ్మ దాని అంచు పొడుగునా వేళ్లతో తడిమింది. ఒక మూల కొంచెం లేచిపోయి ఉంది. అక్కడ వేలు కాసేపు ఆగింది. తర్వాత కూర్చుంది. ఒకవైపు పెద్ద కొడుకును, ఒకవైపు చిన్న కొడుకును కూర్చోబెట్టుకుని, తన అరచేతులతో వాళ్ల భుజాల మీద బొంగు ఒత్తిన చోటు చూసింది. "ఇగ కండ్ల దవాఖానకు ఎప్పుడు పోదాం?" అంది. మేమందరం రొట్టెలు తిన్నాం. నేను నిలబడి తిన్నాను. కూర్చునే స్థితిలో లేను.

తర్వాత ఒకసారి ఆమెను అడిగాను, వెనకవాడికి దారి కనబడదని తెలిసే ఇద్దరితో మోయించావా అని. తెలియకపోవడమేమిటి, గనిలో మీ తాత ముందు, నేను వెనక అంది. "మీ తాతతోని గూడ మాటలు బందైన దినాలుండె కొడుకా. బండ ఎత్తినంక బంద్ నడువది." మరి నేను పాసవుతానని నిజంగానే నమ్మావా అని కూడా అడిగాను. చాయ్ చల్లారుతున్నదంది.

భక్తి గురించి నాకు పెద్దగా తెలియదు. గుళ్లో కళ్లు మూసుకుంటే నాకు చెప్పులు గుర్తొస్తాయి. కానీ నమ్మకం అన్న మాట ఎక్కడ విన్నా, నీళ్లు పారే రాతి మీద గాల్లో ఆగిన మా పెద్దనాయన కాలే కనబడుతుంది. గోడకు ఇప్పుడు నడుమ ఒక తలుపు ఉంది. మిషన్‌ను ఇద్దరూ కలిసి మాట్లాడుకుని, ఇద్దరికీ నచ్చని ఒక మూలకు తిప్పి పెట్టారు. నేను ఏటా శ్రావణంలో ఆ దారినే ఎక్కుతాను, చేతిలో నీళ్ల సీసా కన్నా బరువైనదేదీ లేకుండా, ఆ వాలు దగ్గర మాత్రం చాలా గౌరవంగా. పైన బండ మీద చోటుండదు. చిప్స్ ప్యాకెట్లతో కుర్రాళ్లు కూర్చుని ఫొటోలు దిగుతుంటారు. మంచిదే, అందుకే కదా వేసింది. వాళ్లు లేచేదాకా పక్కన నిలబడి, మార్కుల మెమో జేబులో పెట్టుకుని మరీ గుట్ట ఎక్కిన ఆ బక్కపలచని పట్టభద్రుణ్ణి తలుచుకుంటాను. వాడికి ఆ రోజు ప్రపంచమంతా తనను చూస్తున్నట్టే ఉండేది.

నిజంగా చూసింది మాత్రం ఒక్కరే, అదీ కొన్నాళ్ల తర్వాత. ఆపరేషన్ అయి కట్టు విప్పే రోజు మేమందరం మంచం చుట్టూ నిలబడ్డాం. నేను తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో ఉన్నాను. డాక్టరు కట్టు తీశాడు. నాయనమ్మ మెల్లగా కండ్లు తెరిచి, మొదట పెద్దనాయనను చూసింది. నాయనను చూసింది. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు, భుజానికి భుజం ఆనించి నిలబడి ఉండటం చూసింది. కండ్లు నిండాయి. ఏడవొద్దమ్మా అని డాక్టరు అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగింది. నేను నవ్వాను. తల నుంచి కాలి దాకా, మళ్లీ కాలి నుంచి తల దాకా, చాలాసేపు నిదానంగా చూసింది.

"గీనికోసమా నేను గంత పెద్ద బండ మొక్కింది?"