నేను కత్తిరించిన ఆమెన్

1991. గల్ఫ్ యుద్ధం ఆగి కొన్ని వారాలే అయింది. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో మిలిటరీ బేస్‌కు వెళ్లే దారిలో ఒక దుకాణంలో టేప్‌రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. బడిలో చదివింది పదో తరగతే. పని మాత్రం కరీంనగర్ గ్రంథాలయంలో రేడియో పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

ఒక అమెరికన్ సార్జెంట్ తెగిన క్యాసెట్ తెచ్చి, "ఇంకో కాపీ లేదు, జాగ్రత్త" అని చెప్పి వెళ్లాడు. స్ప్లైస్ చేశాను. అంటే తెగిన కొసలు సమంగా కోసి, వెనకవైపు సన్నని టేపుతో అతికించడం.

హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్నాను. సింథసైజర్ మోత, అందులో ఒక పాస్టర్ ప్రసంగం, దానికి జనం "ఆమెన్" అనడం. తర్వాత ఆ ఒక్క మాటే ఆగకుండా మళ్లీ మళ్లీ. ప్రింట్‌త్రూ అనుకున్నాను. చుట్టలో ఒక పొర మీది శబ్దం పక్క పొరకు అంటుకొని ప్రతిధ్వనిలా వినిపించే లోపం అది. పుస్తకంలో చదివాను కదా! ఒక్క ఆమెన్ ఉంచి, మిగతా రెండు మూరల టేపు కత్తిరించి చెత్తడబ్బాలో వేశాను.

మర్నాడు సార్జెంట్ వచ్చి విన్నాడు. "మిగతావి ఏవి?"

"లోపం సార్, తీసేశాను."

"లోపం కాదు. నేనే అట్లా పెట్టాను."

స్టూలు మీద కూలబడ్డాడు. "మా నాణేల మీద దేవుడి పేరుంటుంది. మా అధ్యక్షుడు బైబిల్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాడు. నన్ను యుద్ధానికి పంపుతూ మా చర్చిలో అందరూ ఆమెన్ అన్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అది వినిపించాలనే ఈ సంగీతం కట్టాను. ఆ పాస్టర్ మా నాన్న. పోయిన నెల చనిపోయారు."

పక్క బల్ల మెకానిక్ రాజన్న, "ఏందన్నా, నీ లైబ్రరీల గిది రాయలేదా?" అంటూనే డబ్బా బోర్లించాడు. వైరు ముక్కల కింద టేపు దొరికింది, ముడతలు పడి. దూదితో సాపు చేసి అతికించాను. తొందరలో హెడ్‌ఫోన్ పిన్ను సరిగ్గా దిగలేదు. దుకాణమంతా ఆమెన్, ఆమెన్.

సరిగ్గా అప్పుడే యజమాని, నా వీసాకు పూచీ ఉన్న కఫీల్, లోపలికి వచ్చాడు. చర్చి ప్రార్థన బయటికి వినిపిస్తే నా ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చిన పర్మిట్, పోయే దేశం అది. ముసలాయన మాత్రం తమ ప్రార్థన చివర చేసినట్టే అలవాటుగా రెండు చేతులతో ముఖం తుడుచుకొని, "ఆమీన్" అని, లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

"ఎవరి ప్రార్థనో ఈయనా అడగలేదు" అన్నాడు సార్జెంట్, మెల్లగా.

అడగనివాళ్లలో నేనూ ఒకణ్ణి. టేపు ముడత దగ్గర ఆమెన్ కొంచెం వణికింది. మళ్లీ సరిచేస్తానన్నాను. "వద్దు, ఉండనీ" అని క్యాసెట్ జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పటికీ ఏ సామాను రిపేరుకొచ్చినా, విప్పకముందే అడుగుతాను: "ఇది ఇట్లనే ఉండాల్నా?"