కొండ మీంచి గుడియాత్తం కనబడుతుందా

నేసిన లుంగీలు వేలూరు అంగళ్లకు వేసిరావడానికి వెళ్లిన ప్రతిసారీ కోటకు తూర్పునున్న సజ్రా కొండ ఎక్కేవాణ్ణని, పైనుంచి మన గుడియాత్తం కనబడుతుందని తాత చెప్పేవాడట. అవ్వ ఎన్నిసార్లు అడిగినా తీసుకెళ్లలేదు. తనను వెంటబెట్టుకుని నడవడానికి తాతకు నామోషీ అని అవ్వ అనుకుందట. ఈ ఏడు తాత తద్దినం పెట్టిన మర్నాడు ఆ మాట మళ్లీ తీసింది. తోడుకు నేను దొరికాను.

మాకు పట్నమన్నా రాజధాని అన్నా వేలూరే. ఏడింటికి జోలార్పేట నుంచి వచ్చే పాసింజర్ ఎక్కి కాట్పాడిలో దిగాం. అక్కణ్ణుంచి టౌన్ బస్సు. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఎనిమిదిన్నరకు బజారులో ఇడ్లీ తిన్నాం. దారి అడగడానికి నాకు నోరు రాలేదు. పూలమ్మే ఆమెను అవ్వే తమిళంలో అడిగింది. మా మాటలు విని ఆమె తెలుగులోకి మారింది.

"ఈ వయసులో నీకేల కొండ? కిందనే కోట ఉండాది, గుడి ఉండాది, చూసుకొని పోమ్మా."

వెళ్లేవాళ్లు నీళ్లు ఎక్కువ పెట్టుకోండి. పైన అంగడి లేదు, నీడ తక్కువ. సగం దారిలో అవ్వ మోకాళ్లు మొరాయించాయి. బండ పక్కన కూలబడింది.

"నువ్వు పొయ్యి చూసి రాసుకోని రా. ఉండేది ఉన్నట్టు రాయి."

మా ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. నా డైరీ ఇంతవరకు ఎవరూ చదవలేదు, నేనూ వినిపించలేదు.

పదింబావుకు పైకి చేరాను. కూలిన గోడలు, కింద అగడ్త మధ్య పెద్ద కోట, దూరంగా పాలారు ఇసుక. పడమట అంతా మసక. మేకలు మేపే పెద్దాయనను ధైర్యం చేసి అడిగాను. వాన వెలిసిన రోజు కూడా గుడియాత్తం కనబడదన్నాడు. ఆ మాటా డైరీలో రాసుకున్నాను.

దిగి, అవ్వతో చిత్రాన్నం తిని, ఒంటిగంటకు మా ఊరి బస్సెక్కాం. పళ్లికొండ దాటాక అవ్వ చదవమంది. మెల్లగా చదివాను. మేకల పెద్దాయన చెప్పిన వాక్యం దగ్గర ఆగాను. దాటేసినా అవ్వకు తెలియదు. అయినా చదివాను.

అవ్వ కిటికీ వైపు తిరిగింది. తర్వాత భుజాలు కదిలాయి, నవ్వుతోంది.

"మిద్దె మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి, కొండ యాడ ఎక్కినాడు? నన్ను పిలచకపోయిందానికి ఇదా సంగతి."

కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి చదవమంది. ముందు సీటామె కూడా మొదలు వినలేదని ఇటు తిరిగింది. ఈసారి కొంచెం గట్టిగా చదివాను.