రాజయ్యన్న మూసిన వాల్వు

మంచిర్యాల దగ్గర ఒక ఊర్ల నీళ్ల ట్యాంకు కాడ నేను, రాజయ్యన్న ఆపరేటర్లం. నీళ్లల్ల కలిపే క్లోరిన్ గ్యాసు పెద్ద ఇనుప సిలిండర్ల వస్తది. మా సిలిండర్ తుప్పు పట్టి, వాల్వు కాడ పొరలు లేస్తుండె. మార్చుమని రాజయ్యన్న మూడుసార్లు ఆఫీసుల కాగితం రాసిచ్చిండు. ఎవ్వరూ రాలే.

ఇయ్యాల పొద్దుగాల వాల్వు తిప్పంగనే లోపలి వాషరు చిట్లింది. పసుపుపచ్చ గ్యాసు నేల మీద పరుచుకుంట గోడ అవతలి అంగన్‌వాడీ దిక్కు పోవట్టింది. రాజయ్యన్న మాస్కు అందుకుంటే దాని రబ్బరు కూడా ఎండిపోయి చేతిలనే తునిగింది. తువ్వాల తడిపి మూతికి కట్టుకొని సిలిండర్ ఉన్న గదిలకు పోయిండు. పానాతో వాల్వు బిగించి బయటికొచ్చి, మెట్ల మీద కూలబడ్డడు.

ఆటోల దవాఖానకు తీస్కపోయిన. ఊపిరితిత్తులు కాలినయి, రెండు రోజులు గడిస్తే గని ఏం చెప్పలేమన్నడు డాక్టరు.

రాజయ్యన్న భార్య లక్ష్మక్క వచ్చి నా పక్కన కూసున్నది.

"తమ్మీ, నువ్వన్నా ఆపకపోతివా ఆయనను?" అని మెల్లగ అడిగింది.

"చెప్పినా ఇనకపాయె అక్కా" అన్న.

అది అబద్ధం. ఆయన తువ్వాల తడుపుతుండంగనే నేను గేటు దాటి ఉరికిన, ఆయన మెట్ల మీద పడ్డంకనే మళ్లొచ్చిన.

సిలిండర్ మార్చే కాగితం మీద సాయంత్రం సంతకమైందట. ఒక మనిషి పడితే గని కలం కదలలే. నా స్థానంల మీరుంటే ఆమెకు ఏం చెప్తుంటిరి?