ఆర్చి మీద గుర్రమంత ఆవు

పుంగనూరు మొదట్లో మా ఆర్చి మీద నిలబడ్డ సిమెంటు ఆవు తాటిచెట్టంత ఉండేది. దాని కొమ్ములు మదనపల్లెలో నిలబడి చూసినా కనపడేవి. సరే, కనపడేవి కావు. మనిషెత్తు ఉండేది, అంతే. కానీ అసలు పుంగనూరావు మనిషి నడుము దాటదు కదా, తప్పంతా అక్కడే జరిగింది. కుప్పం నుంచి వచ్చిన మేస్త్రీ మా ఆవును ఎన్నడూ చూడలేదు. తన వైపు దుక్కిటెద్దును తలచుకుని, దానికి పొదుగు తగిలించాడు.

“ఇది పాలిచ్చేదా, లారీ లాగేదా?” అని జనం ఎగతాళి చేస్తే, “ఇంత పెద్దూరికి పొట్టావును పెడితే మర్యాదేనప్పా?” అన్నాడు.

వెక్కిరించడానికి వచ్చినవాళ్ళు స్తంభాల చుట్టూ ఉన్న అరుగు మీద కూర్చుండిపోయారు. స్తంభాల నిండా రంగురంగుల తామరలు, నెమళ్ళు. సందెవేళ లైట్లు వెలిగితే ఊరంతా అక్కడే. ఊరంతా అంటే మేం ఏడెనిమిది మందిమీ, బస్సు కోసం నిలబడ్డవాళ్ళూ. నిమ్మనపల్లె నుంచి సంతకు వచ్చే నా స్నేహితుడు పుట్టింది మొదలు ఆవుల మధ్య బతికినవాడు. ఆ కొమ్ములను నాలుగు తిట్లు తిట్టనిదే తిరుగు బస్సెక్కేవాడు కాదు.

పోయిన ఏడాది రోడ్డు వెడల్పు చేస్తూ ఆర్చిని పడగొట్టారు. ఆ తర్వాత మాలో ఎవరూ ఎవరికీ కనపడలేదు. స్నేహితుడు సంతకు రావడమే మానేశాడు. ఫోన్ చేస్తే, “యాల వచ్చేదప్పా? ఆడ ఏముండాది?” అన్నాడు.

ఇక అతన్ని చూడనేమోనని భయమేసింది. “కొత్త ఆర్చి కడతాండారు. ఈసారి ఆవు కొలత నిన్నే అడగాలంట” అని ఒక కోత కోసేశాను.

మరునాడే దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తాడు. తన ఆవు ఎత్తు కొలిచి ఆ తాడుకు ముడి వేసుకొచ్చాడు.

“యాడప్పా మేస్త్రీ?”

“మేస్త్రీ లేడు, ఆర్చీ లేదు. నిన్ను సూడాలనిపించి అబద్ధం సెప్తి.”

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“మనం కూర్చునే అరుగు యాడుండె?”

నేను డివైడర్ వైపు చూపించాను. కాదు, కాలవ పక్కన అన్నాడు. లారీలు పోతుంటే ఇద్దరం చేతులు చాపుకుని కాసేపు వాదులాడాం. ఇద్దరికీ రూఢిగా తెలియలేదు.

అతను ఎక్కాల్సిన మదనపల్లె బస్సు వచ్చింది.

“ఇంక పిలవద్దప్పా” అని ఎక్కేశాడు.