గంజీ బెల్లం తిన్న యుద్ధ విమానం

ఆ రోజుల్లో నాకు పొగరు కాస్త ఎక్కువే. డిగ్రీ అవగానే బ్యాంకు కోచింగ్‌లో చేరమని నాన్న పోరుతుంటే, నాచారంలో నమూనా విమానాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో చేరాను. "నెల రోజులు చూస్తానమ్మా. వాళ్ళు పొమ్మన్నారా, ఇక మారు మాట్లాడకుండా కోచింగ్‌కి వెళ్ళాలి" అన్నారు నాన్న. సరేనన్నాను, చచ్చినా వెళ్ళకూడదని లోపల పంతం పట్టి.

మూరెడు విమానం మీద ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చల డెకాల్స్ అనే స్టిక్కర్లు అతికించడం నా పని. (శత్రువుకు కనబడకుండా అసలు విమానాలకు వేస్తారే, ఆ మచ్చలు.) కాగితాన్ని అర నిమిషం నీళ్ళలో ముంచితే పైనున్న పలచటి పొర జారుతుంది, దాన్ని రెక్క మీదికి తోసి, ముడత రాకుండా కుంచెతో దువ్వాలి. "జర పైలం చెల్లె, ఎక్కువ నానితే జిగురంత పోతది" అని మా ఓనరన్న చెప్పనే చెప్పాడు. సైనిక్‌పురిలో ఉండే రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్ అంకుల్ ఒకాయన, సర్వీసులో తాను మరమ్మతులు చేసిన విమానం నమూనాయే కావాలని ఆర్డరిచ్చారు. శనివారం అది నాకప్పజెప్పి ఓనరన్న బయటికెళ్ళాడు. నేను ఘనంగా కాగితాలన్నీ ఒకేసారి పళ్ళెంలో పడేసి టిఫిన్ డబ్బా విప్పాను. తిని వచ్చేసరికి జిగురంతా నీళ్ళపాలు. ఒక్క ముక్కా అంటుకోదే! నేను ఊరుకుంటానా? పక్కింటి ఆంటీనడిగి గంజి తెచ్చాను. నూలు చీరకు పనికొచ్చింది విమానానికి పనికిరాదా? బాగా పట్టాలని ఇంత బెల్లం కూడా కలిపాను (అతితెలివి!). సాయంత్రానికి ఒక్క ముడత లేకుండా అతికించేసి, నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికెళ్ళాను.

సోమవారం అంకుల్ ముందు ఓనరన్న అట్టపెట్టె తెరిచాడు. రెక్కల నిండా చీమలు! శత్రువుకు కనబడని విమానం వాటికెలా కనబడిందో, ఆదివారమంతా విందు చేసుకున్నాయి. "ఏంది చెల్లె గిది?" అన్నాడు ఓనరన్న, ముఖం మాడ్చుకుని. కోచింగ్ సెంటర్ మెట్లు కళ్ళ ముందు కనబడ్డాయి. "నేనేనండీ. జిగురు పోతే గంజీ బెల్లం పెట్టాను. కొత్త కాగితాలివ్వండి, మూడు రోజుల్లో చేసిస్తాను" అన్నాను. అంకుల్ కళ్ళద్దాలు పైకెత్తి రెక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. "చీమల సంగతి అట్లుండనియ్. ముడుత ఒక్కటి లేదు గదా! మళ్ల గీ పిల్లతోనే జేపియ్" అన్నారు ఓనరన్నతో.

ఈసారి ఒక్కో కాగితానికీ అర నిమిషం లెక్కపెట్టి మరీ అతికించాను. గురువారం అంకుల్ చూసి "మస్తుగుంది" అన్నారు. "రేపట్నుంచి జల్దీ రా చెల్లె, పని చానా ఉన్నది" అన్నాడు ఓనరన్న. హమ్మయ్య! ఇంట్లో కోచింగ్ మాట మళ్ళీ రాలేదు.

ఆ గురువారం అంకుల్ పెట్టెను స్కూటర్ ముందు పెట్టుకుని బయల్దేరుతుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంది. సైనిక్‌పురి రోడ్డంతా తవ్వి పెట్టారాయె. "గుంతలున్నాయి అంకుల్, మెల్లగా వెళ్ళండి! కుదుపు తగలనివ్వకండి!" అని గేటు దాకా పరుగెత్తి అరిచాను. జీవితమంతా అసలు విమానాలు బాగుచేసిన మనిషికి నా జాగ్రత్తలు! ఆయన బండి ఆపి, నిటారుగా కూర్చుని, "ఎస్, మేడమ్" అన్నారు. ఇరవయ్యొక్కేళ్ళ నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి ఆయనే. నెలంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇప్పుడు ఆఫీసులో పొద్దస్తమానం అందరూ అదే పిలుపు పిలుస్తారు. ఒక్కదానికీ తల తిప్పి చూడబుద్ధి కాదు.