అన్న చొక్కాకు చిల్లులు

నిన్న ఎల్బీ నగర్‌లో గేట్లు చేసే దుకాణం దాటుతుంటే కాలిన వెల్డింగ్ రాడ్ వాసన తగిలింది. ఇంటికొచ్చినా వదల్లేదు. అది ఒకప్పటి మా అన్న చొక్కా వాసన.

తెలంగాణ కోసం ఊరేగింపులు జరుగుతున్న రోజులు. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన అన్నకు అన్నం వేళకి కళ్లు వాచిపోయాయి. ఇసుక పోసినట్టుందంటూ ఒక్కచోట కూర్చోలేక గదంతా తిరిగాడు. అమ్మ ఆలుగడ్డ ముక్కలు కోసి కళ్లమీద పెట్టింది.

"దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాల టియర్ గ్యాస్ కొట్టిన్రంట. నా కొడుకు కొట్లాడిండు!" అన్నాడు నాయిన. రాష్ట్రం వస్తే అన్నకు సర్కారు నౌకరీ ఖాయమని ఆయన నమ్మకం.

"నేనాడికి పోలే నాయినా..."

"భయపడకు బిడ్డా, నేనేమన."

చొక్కా నిండా సన్నటి చిల్లులు. టియర్ గ్యాస్ బట్టల్ని కూడా కాలుస్తుందనుకుంటూ వాటిలో వేళ్లు పెట్టి చూశాను. తర్వాత అన్న ఏళ్లకేళ్లు నౌకరీ పరీక్షల కోచింగ్‌ల చుట్టూ తిరిగాడు.

నిన్న రాత్రి ఆగలేక అన్నకు ఫోన్ చేసి ఆ చొక్కా చిల్లుల సంగతి అడిగాను.

"కాలేజి ఎగ్గొట్టి వెల్డింగ్ నేర్చుకుంటుంటి. ఆ రోజు అద్దం అడ్డం పెట్టకుండ మంట దిక్కు చూసిన."

"మరి వెల్డింగ్‌కు మళ్లీ ఎందుకు పోలేదన్నా?"

"ఎట్ల పోతనే? నా కొడుకు కొట్లాడిండు, సర్కారు నౌకరీ ఖాయమని తెల్లారేసరికి నాయిన గల్లీ అంత చెప్పుకున్నడు."